పైవాడి నాలుక

నాలో సుగుణాలు తక్కువేం కాదు. వాటన్నిటిలోకీ పెద్దది, ఎవరేం అడిగినా ‘తెలియదు’ అనకపోవడం. పాపం, అడిగేవాడు ఎంతో ఆశపడి అడుగుతాడు. తెలియదు అనేసి ఆ మొహం చిన్నబుచ్చడం నా వల్ల కాదు. దారి అడిగితే దారి చెబుతాను, దగ్గుకి మందడిగితే మందు చెబుతాను. ఆ దారిన పోయినవాళ్ళు, ఆ మందు మింగినవాళ్ళు తిరిగొచ్చి ఒక్క మంచి మాట అనలేదంటే అది వాళ్ళ సంస్కారం.

ఈ సుగుణం పుణ్యమా అని నేను వైన్ నిపుణుణ్ణి కూడా అయ్యాను. వైన్ చుక్క నోట్లో పడకుండా, విమానం మెట్టు ఎక్కకుండా అయ్యాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే ఇంత ధైర్యంగా మాట్లాడేవాణ్ణి కాదు.

నా అసలు ఉద్యోగం సబ్బుల కంపెనీలో. ఇంట్లో కూర్చునే సబ్బు పెట్టెల మీద మాటలు రాస్తాను. ‘తొలివానలో తడిసిన పూల పరిమళం’ అని మీరు ఎక్కడైనా చదివి ఉంటే, అది నేనే. ఏ పూలు అని మాత్రం అడక్కండి. అడిగితే చెప్పేస్తాను.

ఇంతకీ ఈ కథ నాది కాదు, మా తోడల్లుడిది. మా ఆవిడ చెల్లెలి భర్త. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. కింద మేమూ మా అత్తగారూ, మేడ మీద వాళ్ళు. కాపురం మేడ మీద, ఉద్యోగం అంతకన్నా పైన కాబట్టి వీధిలో అతన్ని ‘పైవాడు’ అంటారు. ఎవరైనా ‘అంతా పైవాడి దయ’ అన్నారంటే కూరగాయల బండి ఆవిడ తలెత్తి మా మేడ వైపు చూస్తుంది.

పైవాడి ఉద్యోగం ఏమిటో వింటే ఎవరికైనా కడుపు మండుతుంది. విమానాల కంపెనీలో భోజనాల తనిఖీ. బిజినెస్ క్లాసులో మామూలు ప్రయాణికుడిలా కూర్చుని, పెట్టింది తినాలి, పోసింది తాగాలి. వేడి తువాలు నిజంగా వేడిగానే ఉందా, బల్ల మీద గుడ్డ పరిచారా లేదా, పోసేముందు సీసా చూపించారా, రొట్టెల బుట్ట రెండోసారి తిప్పారా లేక మొదటి వరసలోనే మర్చిపోయారా, మాంసం అంచులు మాడి నడిమధ్య చల్లగా ఉందా, ఇవన్నీ కనిపెట్టి దిగాక ఆఫీసులో చెప్పాలి.

ఇందులో చిక్కల్లా ఒక్కటే. విమానం మేఘాలు దాటగానే అతని నాలుకకి రుచి పోతుంది. అంత ఎత్తున ఎవరికైనా నాలుక కాస్త మందగిస్తుందంటారు. అతనిది మందగించడం కాదు, పూర్తిగా దిగిపోవడం. దిగి ఎక్కడికో పోదు. నేరుగా మా ఇంటికొచ్చి మా అత్తగారి నోట్లో కూర్చుంటుంది.

అతను ఉద్యోగంలో చేరిన మొదటి రోజున అత్తగారు వరండాలో పేపరు చదువుకుంటోంది. ఉన్నట్టుండి మొహం చిట్లించి, “చేప మీద ఇంత నిమ్మకాయ పిండిందెవరే?” అంది. ఆ రోజు ఇంట్లో చేపా లేదు, నిమ్మకాయా లేదు. కాసేపాగి, “ఇదేమిటి, పులిసిన ద్రాక్షపళ్ళలా ఉంది. అయినా బాగానే ఉందిలే” అని పేపరు తిప్పింది. సాయంత్రం పైవాడు ఇంటికొచ్చి, “చేప పెట్టారు, వైన్ పోశారు. నాకేమో దూది నమిలినట్టుంది” అన్నాడు.

“ఓహో, నీదేనా అది? నిమ్మకాయ ఎక్కువైందని చెప్పు వాళ్ళకి” అంది అత్తగారు.

మా మరదలు లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. ఆ సంగతి మీద ఇంట్లో జరిగిన చర్చ అంతే.

రుచి వరకే ఆవిడది. తాగినదాని తలనొప్పి మాత్రం అతనితోనే ఉండిపోయేది.

మా అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ లెక్కల టీచరు. పనిచేసినన్నాళ్ళూ ఎవరికీ నూటికి నూరు వెయ్యలేదు. పైవాడు చిన్నప్పుడు ఆవిడ క్లాసులోనే చదివి, ఆవిడ చేతిలోనే లెక్కల్లో తప్పాడు. పెద్దయ్యాక పోయి పోయి ఆవిడ కూతుర్నే పెళ్ళాడాడు. పగ తీర్చుకున్నాడని కొందరన్నారు, శిక్ష ఇంకా పూర్తి కాలేదని కొందరన్నారు. నన్ను ఆవిడ ‘అల్లుడుగారూ’ అంటుంది. అతన్ని ‘ఏరా’ అంటుంది. అతను మామూలుగా ‘అత్తయ్యా’ అంటాడు, భయమేస్తే ‘టీచర్’ అంటాడు.

“నా నాలుక మా ఆవిడ దగ్గరికి పోవచ్చు కదన్నయ్యా. కాదంటే మీ దగ్గరికి. ఈవిడ దగ్గరికే ఎందుకు పోతోంది?” అని అడిగాడు ఒకసారి.

“చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పిన నాలుక కదా. ఆవిడ పిలిచిందనుకుని పోతోంది” అన్నాను వెంటనే. అతను తృప్తిగా తలాడించాడు. అదీ నా సుగుణం.

అలా మా ముగ్గురికీ ఒక పద్ధతి కుదిరింది. అతను పైన తింటాడు. ఆవిడ కింద రుచి చూస్తుంది. ఆవిడ పక్కన కూర్చుని ఆ మాటల్ని మర్యాదలో ముంచి తియ్యడం నా పని. తెల్ల వైన్ తగలగానే ఆవిడ “మూలన పెట్టిన తడి గొడుగు” అనేది. నేను దాన్ని “వానాకాలపు చల్లదనం” చేసేవాణ్ణి. “ఈ మాంసం వాడికన్నా మొండిది” అంటే “మాంసం తన పట్టు నిలుపుకుంది” అనేవాణ్ణి. విమానం దిగగానే పైవాడు ఫోన్ చేసేవాడు, నేను అప్పజెప్పేవాణ్ణి, అతను పోయి ఆఫీసులో తన మాటల్లా చెప్పేవాడు. ఒకసారి గ్లాసులో సబ్బు వాసన వచ్చిందని ఆవిడ అంటే, ఆ వాసన ఎలా ఉందో రెండు ప్రశ్నలడిగి అది మా పోటీ కంపెనీ సబ్బని తేల్చేశాను. ఈ వ్యవహారం మొత్తంలో నా సొంత జ్ఞానం అదొక్కటే.

మా మాటలు బాగా పనిచేశాయి. చేప మీద నిమ్మరసం తగ్గింది. రొట్టెలు వేడిగా రావడం మొదలైంది. ఎర్ర వైన్‌ని ఐసులో ముంచి చంపడం మానేశారు. బిజినెస్ క్లాసులో కూర్చునే పెద్దమనుషులు భోజనం బాగుపడిందని మెచ్చుకుంటున్నారని, అంతా మా తోడల్లుడి నాలుక చలవేనని ఆఫీసులో చెప్పుకున్నారట. పైవాడు మాత్రం దూదే తింటున్నాడు.

అప్పుడు అత్తగారికి జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆవిడ సొంత రుచిని కూడా వెంటబెట్టుకుపోయింది. ఏం పెట్టినా సున్నంలా ఉందనేది, కాగితంలా ఉందనేది, కంచం తోసేసేది. మా ఆవిడ బతిమాలితే “జవాబు లేని లెక్క ఎంతసేపు చెయ్యమంటావే?” అనేది. చిక్కి సగమైంది. కళ్ళజోడు ముక్కు మీద నిలవడం మానేసింది.

ఆవిడ నాలుగు మెతుకులు తినేది పైవాడు ఎగిరిన రోజునే. అతను పైన చేప నమిలితే ఆవిడ కింద ఆ చేప రుచితో జావ మింగేది. అతను కాఫీ తాగితే ఆ కాఫీ రుచితో పాలు తాగేది. దాంతో మా ఇంటి భోజనాల వేళ కాస్తా విమానాల వేళ అయిపోయింది. పొగమంచు పట్టి విమానం ఆగిపోతే మేమూ ఖాళీ కంచాల ముందు ఆగిపోయేవాళ్ళం. “ఇంకా కదల్లేదటే అక్కా!” అని మరదలు మెట్ల మీంచి అరిస్తే మా ఆవిడ పొయ్యి తగ్గించేది.

డాక్టరు బరువు చూసి, “ఫరవాలేదే, నిలబడింది. ఏం పెడుతున్నారు?” అన్నాడు.

“నిన్న బాతు మాంసం, ఎర్ర వైన్. ఆఖర్న చీజ్” అంది మా ఆవిడ.

“ఎక్కడ?”

“పైన.”

డాక్టరు తలాడించాడు. “చీజ్ కాస్త తగ్గించమనండి పైన, ఉప్పుంటుంది. మిగతావి మాత్రం ఆపకండి. ఇదీ ఆగిపోయి ఇంకోసారి చిక్కిందంటే ఈ వయసులో లేవడం కష్టం. ముందే చెబుతున్నాను.”

ఇక సెలవు రోజులుండేవి. నేల మీద ఉంటే పైవాడి నాలుక పైవాడిదే. ఆ రోజున అందరం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. అతను వారమంతా దూది తిన్నవాడు, కూర చూస్తేనే కళ్ళు మెరిసేవి. ఎదురుగా ఆవిడ చెంచాతో జావ కలుపుతూ కూర్చునేది, తినేది కాదు. అతను ఒక ముద్ద పెట్టుకుని ఆవిడ వైపు చూసేవాడు. ఇంకో ముద్ద తీసి కంచంలోనే ఉంచేసేవాడు.

“తినరా. నేను చూస్తున్నానని తినడం మానేస్తావేం? పరీక్ష హాల్లో కూడా ఇంతే, నన్ను చూస్తూ కూర్చునేవాడు, పేపరు చూసేవాడు కాదు” అనేది ఆవిడ.

పరిస్థితి ఇలా ఉండగా ఆఫీసులో కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన వచ్చాక ఒకరోజు పైవాడు ఇంటికొచ్చి, మేడ మెట్ల మీద నా పక్కన కూలబడ్డాడు.

“అన్నయ్యా, నాకు కింద కుర్చీ ఇస్తామంటున్నారు. భోజనాల విభాగానికి పెద్దని చేస్తారట. ఇక ఎగరక్కర్లేదు.”

“ఇంకేం మరి!”

“ఇంకేం ఏమిటన్నయ్యా. ఎన్నాళ్ళుగానో ఎదురుచూశాను ఈ మాట కోసం. అందరిలాగా మధ్యాహ్నం ఇంటి క్యారియర్ విప్పి తినాలనుంది. సాయంత్రం ఇంటికొచ్చి, కూరలో ఉప్పెక్కువైందని మీ మరదలితో దెబ్బలాడాలనుంది. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక్కసారి కూడా సరిగ్గా దెబ్బలాడలేదు, తెలుసా? కడుపు నిండా దూదితో ఇంటికొచ్చేవాడు ఏ కూర తిని దెబ్బలాడతాడు?” అతను గొంతు తగ్గించాడు. “కానీ నేను కిందికొచ్చేస్తే ఆవిడ?”

వంటింట్లో ఆవిడ జావగిన్నె మీద చెంచా చప్పుడవుతోంది.

“పైగా పరీక్ష ఉంది. మేనేజరు నా పక్క సీట్లోనే కూర్చుంటాడట. సీసాలకి గుడ్డలు చుట్టి పోయిస్తాడట. ఏది ఏ వైనో, అందులో ఏముందో అక్కడికక్కడే చెప్పాలి. ఫోన్లో మిమ్మల్ని అడగడానికి వీల్లేదు. నేనేం చెయ్యను?”

“చదువు” అన్నాను. “ఆవిడ ఇదివరకు చెప్పినవన్నీ నాకు నోటికొచ్చు. నేను చెబుతాను, నువ్వు బట్టీ పట్టు. ఆవిడకి చెప్పకు.”

బట్టీ పట్టాడు. కానీ మనిషి బట్టీ పడితే మేడంతా తిరుగుతూ గట్టిగా బట్టీ పడతాడు. రెండో పూటకే కింద నుంచి కేక వచ్చింది.

“ఏరా! ఏం చదువుతున్నావు పైన? వినలేక చస్తున్నాం.”

అతను సగం మెట్లు దిగి ఆగిపోయాడు. “ఏం లేదు టీచర్.”

టీచర్ అన్నాడంటేనే ఏదో ఉందని ఆవిడకి తెలిసిపోయింది. ఉన్నదంతా చెప్పించేదాకా వదల్లేదు. చెప్పాక అందరం నేల చూపులు చూస్తూ నిలబడ్డాం. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

“మంచిదే. ఇన్నాళ్ళకి ఒక్క పరీక్ష పాసవుతానంటుంటే నేనొద్దంటానా? కూర్చో.”

“అమ్మా! ఆయన కిందికొచ్చేస్తే మరి నీకు...” అంది మరదలు.

“నాకేం? జావ ఉందిగా” అంది ఆవిడ. “మొదటిది చెప్పరా.”

“తెల్లది. పచ్చి ఆపిల్. తడి గొడుగు.”

“గొడుగు అనకు అక్కడ. దాన్ని మీ అన్నయ్య ఏదో అంటారు.”

“వానాకాలపు చల్లదనం.”

“రెండోది?”

“పలచటి ఎర్రది. చెర్రీపళ్ళు... చెర్రీపళ్ళు...”

“ఊఁ, చెర్రీపళ్ళు, వాటి పక్కన?”

“మట్టి.”

“మట్టే. మూడోది?”

“చిక్కటి ఎర్రది. ఎండిన అంజీర...” అని ఆగి, కిటికీ వైపు చూశాడు.

“లవంగం! కిటికీలో ఉందా లవంగం? చిక్కటిదంటే లవంగం. నిద్రలో లేపి అడిగినా లవంగం అనాలి. లవంగం మర్చిపోతే లెక్క మొత్తం పోయినట్టే” అని చెంచాతో బల్ల మీద కొట్టింది. “సరే. సీసాలకి గుడ్డలు చుడితే ఏది ఏదో నీకెలా తెలుస్తుంది?”

“వాళ్ళకో పద్ధతి ఉంది టీచర్. ముందు తెల్లది, తర్వాత పలచటిది, ఆఖర్న చిక్కటిది. ఆ వరస ఎప్పుడూ మారదు.”

“నిజమే, నేను కూడా ఎప్పుడూ ఆ వరసలోనే తాగాను” అంది ఆవిడ.

అందరం వరసని నమ్ముకున్నాం. ఎక్కాలు వరసలో నేర్చుకున్న ఇల్లు, ఇంకోలా ఎలా ఆలోచిస్తుంది?

రోజూ అదే పాఠం. ఆవిడ అడగడం, అతను అప్పజెప్పడం. మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగింది.

“ఏమండీ, అమ్మ తన కంచం తనే ఎత్తేసుకుంటోంది. అతనికి చదువు చెబుతున్నాననుకుంటోందా, ఏం చేస్తోందో తెలిసే చేస్తోందా?”

“తెలిసే” అన్నాను గట్టిగా. ఏం తెలిసో మా ఆవిడ అడగలేదు, అడగనందుకు నాక్కొంచెం హాయిగా అనిపించింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. అత్తగారి ముందు జావ గిన్నె. విమానం లేచిందని మరదలు ఫోన్ చూసి చెప్పింది. కాసేపటికి అత్తగారు నోరు చప్పరించింది.

“నీళ్ళు. ఆఁ, బాదం పప్పులు. బాగా వేయించారు.”

మేం కుర్చీలు ముందుకి జరుపుకున్నాం.

“తెల్లది వచ్చింది. గొడుగే.”

“హమ్మయ్య” అంది మరదలు. “చెప్పేసి ఉంటాడు.”

“ఏవో పచ్చి ఆకులు, మీద నూనె. ఆకులు వడిలాయి, అది చెప్పాలి వాళ్ళకి” అంటూ ఆవిడ జావ మింగుతోంది. ఉన్నట్టుండి చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది.

“ఇదేమిటి?”

“ఏమైంది అత్తయ్యా?”

“చిక్కటిది. పలచటిది రాకుండానే చిక్కటిది వచ్చింది.”

“మర్చిపోయి ఉంటారులేమ్మా” అంది మా ఆవిడ.

“మర్చిపోలేదు. నేను పరీక్ష పెట్టినా ఇదే పని చేసేదాన్ని. వరస మార్చాడు ఆ మేనేజరు.” ఆవిడ తలెత్తి పైకప్పుని చూస్తూ అరిచింది. “ఒరేయ్! చెర్రీపళ్ళు అనకురా! అది రెండోది కాదురా!”

పైకప్పు మీద మేడ, మేడ మీద ఆకాశం, ఆకాశంలో ఎక్కడో అతను. ఎవరికి వినిపిస్తుంది?

ఆవిడ లేచింది. జ్వరం తర్వాత గోడ పట్టుకోకుండా లేవడం అదే మొదలు. వంటింట్లో డబ్బాల మూతలు ఊడి పడుతున్న చప్పుడు. “లవంగాలెక్కడ పెట్టి చచ్చారే!” అన్న కేక. చివరికి గుప్పెడు లవంగాలతో తిరిగొచ్చి, నా ఎదురుగా కూర్చుని, గుప్పెడూ నోట్లో పోసుకుంది.

“ఎందుకత్తయ్యా అవి? మీకెలాగూ రుచి...”

“నాక్కాదు” అంది నోటి నిండా లవంగాలతో. కళ్ళు మూసుకుని పటపటా నమిలింది. తప్పు లెక్క మీద ఎర్ర సిరా గీత గీసేటప్పుడు ఎలా ఉండేదో, మొహం అచ్చం అలాగే ఉంది.

నములుతూ నములుతూ ఆగింది.

“ఉప్పు” అంది ఆవిడ.

“మాంసంలోనా?”

“మాంసం ఇంకా రాలేదు. ఇది వంటలో ఉప్పు కాదు.” తర్వాత ఆవిడ మొహం మారింది. “రొట్టె. వెన్న. మళ్ళీ రొట్టె. ఒరేయ్, మాట్లాడరా, తినడం కాదు! ఇంకో రొట్టె. ఏం చేస్తున్నాడే వీడు? పరీక్ష రాస్తున్నాడా, పందెం కాస్తున్నాడా?”

తిట్టుకుంటూనే ఆవిడ రొట్టె రొట్టెకీ ఒక చెంచా జావ మింగింది. గిన్నె ఖాళీ అయింది. మా ఆవిడ ఇంకాస్త పోసింది. అదీ ఖాళీ అయింది.

సాయంత్రం పైవాడు వచ్చాడు. మేడ మీదికీ పోలేదు, లోపలికీ రాలేదు, మెట్ల మధ్యలో తలవంచుకుని కూర్చున్నాడు. అందరం చుట్టూ చేరాం.

“రెండో గ్లాసు నోట్లో పోసుకున్నాను. దూదే. వరస ప్రకారం చెర్రీపళ్ళు అనబోయాను. అంతలో నాలుక మీద భగ్గుమంది. లవంగం! అన్నయ్యా, ఇన్నేళ్ళుగా ఎగురుతున్నాను, పైన నాకు తెలిసిన మొదటి రుచి అది. కళ్ళల్లోంచి నీళ్ళు కారి మూతి మీదికొచ్చేశాయి. మేనేజరు ‘ఏముంది ఇందులో?’ అంటాడు. నాకు ఒక్క మాట రాదు. వడ్డించే అమ్మాయి వంగి ‘ఏమైనా తెమ్మంటారా సర్?’ అంది. రొట్టె అన్నాను. ఆ ఘాటు పోకముందే తినేయాలనిపించింది. ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను తింటూనే ఉన్నాను. బుట్ట ఖాళీ చేశాను.”

“ఏమన్నాడు ఆఖరికి?” అంది మరదలు.

“దిగేటప్పుడు భుజం తట్టాడు. ‘మీరు పైనే ఉండండి. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి తిండి మాన్పించడం పాపం’ అన్నాడు. కుర్చీ ఇంకెవరికో ఇస్తారట.”

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. “తప్పావా?”

“తప్పాను టీచర్.”

“మళ్ళీ?”

“మళ్ళీ.”

“లవంగం అందిందా?”

“అందింది.”

“అందీ తప్పావా!” అని ఆవిడ మొహం అటు తిప్పుకుని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎంతసేపు తుడిచినా ఆ అద్దాలు శుభ్రపడలేదు. “కాళ్ళూ చేతులూ కడుక్కుని రా. భోజనానికి.”

ఆ రోజు నుంచి ఆ దారి రెండు వైపులా నడుస్తోంది. అతను పైన ఉండగా ఆవిడ కింద ఏం తింటే అది అతని నోట్లో పడుతోంది. కంటికి బాతు మాంసం, నోటికి మా ఇంటి కూర. ఆవిడకేమో నోట్లో ఇంటి కూర, నాలుక మీద బాతు. ఆ సంగతి తెలిసిన మర్నాడే అత్తగారు జావగిన్నె తోసేసింది. “పైన వాడు ఇది తింటూ కూర్చోవాలా? ఏదైనా మనుషులు తినేది వండండి. ఉప్పు చూసి వెయ్యండి, నాకెలాగూ తెలిసి చావదు” అంది. ఇప్పుడు కంచం నిండా పెట్టించుకుని, ప్రతి ముద్దా అప్పజెబుతున్నట్టు నెమ్మదిగా నమిలి తింటుంది. కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీద నిలుస్తోంది. డాక్టరు బరువు చూసి, ఈసారి ఏమీ అడగలేదు.

సెలవు రోజున ఆవిడకి మళ్ళీ సున్నమే. అయినా కంచం ఖాళీ చేస్తుంది. ఎందుకమ్మా బలవంతంగా అని కూతుళ్ళంటే, “రేపు మళ్ళీ వాడికి పెట్టాలా వద్దా? నా ఒంట్లో ఓపిక ఉండొద్దూ?” అంటుంది.

పైవాడు పైనే ఉండిపోయాడు. రిటైరయ్యేదాకా ఇక అతనికి కింద కుర్చీ లేదు. కానీ ఈ మధ్య సాయంత్రాలు మేడ మీంచి కేకలు వినిపిస్తున్నాయి. “మధ్యాహ్నం కూరలో ఉప్పు ఎక్కువైంది” అంటాడు అతను. “ఆకాశంలో కూర్చుని బాతులు మింగుతూ నా కూరకి వంకలా?” అంటుంది మరదలు. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళలా దెబ్బలాడుకుంటున్నారు. కింద మా అత్తగారు చెవి అటు పడేసి వింటూ, “ఎక్కువే వేసింది” అని నాతో అంటుంది, ఎలా తెలిసిందో మరి.

ఒక్క సంగతే తేలలేదు.

మొన్న పైవాడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు. “అన్నయ్యా, మీరు ఎదురుగా కూర్చుని చూశారు కదా. ఆవిడ లవంగాలు నమిలింది నన్ను గట్టెక్కించడానికా, కిందికి రానివ్వకుండా చెయ్యడానికా? గుర్తు చెయ్యడానికైతే ఒక్కటి చాలు. గుప్పెడు ఎందుకు?”

“గట్టెక్కించడానికే. టీచర్లు ఏదైనా ఒకసారి చెప్పి ఊరుకుంటారా? నీలాంటివాడికి గుప్పెడు సార్లు చెప్పాలి” అన్నాను. అతను నిశ్చింతగా మేడెక్కాడు.

నిన్న అత్తగారు పిలిచింది. “అల్లుడుగారూ, వాడు నిజంగానే మర్చిపోయాడంటారా? చిక్కటిదంటే లవంగమని అన్నిసార్లు చెప్పించానే. నోట్లో లవంగం పెట్టుకుని లవంగం అనలేకపోయాడా? ఒక్క మాటేగా.”

“నిజంగానే మర్చిపోయాడత్తయ్యా. వాడి సంగతి మీకు కొత్తా?” అన్నాను. ఆవిడ “వెధవ” అనుకుంటూ లేచి, రేపటికి ఏం వండాలో చెప్పడానికి వంటింట్లోకి పోయింది.

ఇద్దరికీ తృప్తిగా జవాబు చెప్పాను. ఆ రోజు లవంగాలు నములుతున్న ఆ మొహాన్ని బల్లకి ఇవతలి నుంచి చూసింది నేనే, మెట్ల మీద తలవంచుకున్న ఈ మొహాన్ని దగ్గరగా చూసిందీ నేనే. ఆవిడ కావాలని తప్పించిందా, అతను కావాలని తప్పాడా, ఇద్దరూనా, ఎవరూ కాదా? తలకిందులుగా ఆలోచించినా నాకు తెలియదు.

ఇక్కడ రాశాను గానీ, ఎవరైనా ఎదురుగా వచ్చి అడిగితే ఆ మాట పైకి అనడం నేనింకా నేర్చుకోలేదు.